ముప్పయ్యొకటో నంబరు గబ్బిలం

మైనపు దిమ్మెలో పొదిగిన మాంసం ముక్కను వెంట్రుక మందంలో పదోవంతు పలచగా కోయడం ఇమ్మానుయేలు పని. ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాడు. మొదట నంద్యాల వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో రోగుల గడ్డలూ కణుతులూ కోసేవాడు. భార్య సారమ్మకు బెంగళూరులో నర్సు ఉద్యోగం దొరికాక ఆమె వెంట వచ్చి, ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో టెక్నీషియన్‌గా చేరాడు. అక్కడ కప్పలు, ఎలుకలు, తొండలు. గడిచిన రెండేళ్లుగా గబ్బిలాలు.

మైక్రోటోమ్ అనే కోత యంత్రం పిడి తిప్పుతుంటే కత్తి అంచు మీద నుంచి మైనం పొరలు ఒకదానికొకటి అతుక్కుని రిబ్బన్‌లా జారేవి. ఆ రిబ్బన్‌ను తడి కుంచెతో పట్టి, గోరువెచ్చని నీళ్ల మీద పరిచి, పొర విచ్చుకున్నాక గాజు పలక మీదికి ఎక్కించేవాడు. కత్తికి ఎక్కడైనా చిన్న గాటు పడితే కంటికంటే ముందు అతని చెవికి తెలిసేది. డిపార్టుమెంటులో కొత్తగా చేరినవాళ్లు అతని పక్కన నిలబడి చూసేవాళ్లు. ఆయన మాత్రం ఎవరూ చూడనట్టే పని చేసుకునేవాడు.

గబ్బిలాల పరిశోధన కమలాక్షిది. ఆమెది చింతామణి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. ఆ ఊరి నుంచి పిహెచ్‌డి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. ఏ గబ్బిలం ఏం తింటుందో దాన్ని బట్టి దాని నోటి గ్రంథుల్లోని కణాలు ఎలా మారతాయన్నది ఆమె తేల్చాలనుకున్న విషయం. మొదట్లో ఇమ్మానుయేలుకు ఇది అంతుబట్టలేదు. ఒకరోజు టీ తాగుతూ ఆమే విడమరిచి చెప్పింది.

"పండ్లరసంలో చక్కెర ఉంటాది సార్, ఉప్పు ఉండదు. గ్రంథిలో పుట్టేటప్పుడు ఎంగిలి ఉప్పగానే ఉంటాది. నోట్లోకి వచ్చే దారిలో సన్న కాలువలు ఉండాయి కదా, ఆ కాలువల గోడల్లో ఉండే కణాలు ఉప్పును వెనక్కి లాక్కుంటాయి. పండ్లు తినే గబ్బిలానికి ఉప్పు కరువు. పిప్పితో పాటు ఎంగిలి కూడా ఉమ్మేస్తాది. అందుకే దాని కాలువల్లో కణాలు ఎత్తుగా, అడుగున చారలు చారలుగా ఉండాయి. పురుగులు తినేదానికి ఆ బాధ లేదు. పురుగులోనే ఉప్పు ఉండాది."

ఆ మాట ఇమ్మానుయేలుకు బాగా నచ్చింది. ఇంటికి పోయి సారమ్మకు చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారికి కూడా చెప్పాడు. ఇన్నేళ్లుగా లక్ష సెక్షన్లు కోసి ఉంటాడు గానీ, కోసిన ముక్క ఎందుకు అలా ఉందో ఇంత తేలికగా ఎవరూ అతనికి చెప్పలేదు.

పండ్లు తినే గబ్బిలాలు యలహంక అవతల మునినారాయణప్ప ద్రాక్షతోట నుంచి వచ్చేవి. కాయలు రంగు తిరిగే రోజుల్లో ఆయన పందిళ్ల చుట్టూ వలలు కట్టేవాడు. తెల్లవారేసరికి వలకు చిక్కుకుని ఏడెనిమిది వేలాడేవి. కమలాక్షి మొదటి బస్సుకు పోయి, తోలు చేతితొడుగులు వేసుకుని, వాటి గోళ్లు ఒక్కొక్కటే వల నుంచి విడిపించి గుడ్డసంచుల్లో వేసుకుని వచ్చేది. పురుగులు తినేవి హొసకోటె దారిలో ఒక పాడుబడిన మంటపం గోడల సందుల్లో దొరికేవి. తెచ్చిన ప్రతి జంతువుకూ ఒక నంబరు. గ్రంథులు తీశాక మిగిలిన దేహాన్ని అదే నంబరు చీటీ కట్టి స్పిరిట్ జాడీలో వేసేవారు. చీటీల మీద, దిమ్మెల మీద, గాజు పలకల మీద రాసేది ఇమ్మానుయేలే. అరవై జంతువుల నంబర్లూ అతని చేతిరాతలోనే ఉన్నాయి.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది జూన్‌లో ఒక సోమవారం నాడు చిక్కు వచ్చి పడింది. కమలాక్షి మైక్రోస్కోపులో కణాల ఎత్తు కొలుస్తూ ముప్పయ్యొకటో నంబరు దగ్గర ఆగిపోయింది. రిజిస్టరులో అది పండ్లు తినే గబ్బిలం. పలక మీద మాత్రం కాలువలు పొట్టిగా, చారలు ఉన్నాయో లేవో అన్నట్టు ఉన్నాయి. ఆమె రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా మళ్లీ మళ్లీ కొలిచింది. మూడో రోజు గైడ్ డాక్టర్ శేషగిరికి చూపించక తప్పలేదు.

శేషగిరి చెడ్డవాడు కాదు, కోపిష్టి కూడా కాదు. కానీ నవంబరులో జరిగే సమావేశానికి ఈ ఫలితాల మీద వ్యాసం పంపేశాడు. పలకను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పురుగులు తినేదాని గ్రంథి అని తేల్చేశాడు. అంటే నంబరు మారింది. ఒకటి మారితే ఇంకెన్ని మారాయో ఎవరికి తెలుసు? రెండేళ్ల పని మొత్తం అనుమానంలో పడినట్టే. ఆయన ఇమ్మానుయేలును పిలిపించి, కన్నడంలో, గొంతు పెంచకుండానే, చీటీలు రాసేటప్పుడు ఎప్పుడైనా పొరపాటు జరిగిందా అని అడిగాడు.

జరగలేదని ఇమ్మానుయేలు చెప్పాడు. చెప్పి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు గానీ, ఆ మాటను తానే పూర్తిగా నమ్మలేకపోయాడు.

ఎందుకంటే ఆయన కళ్లు ఎనిమిది నెలలుగా సరిగా కనిపించడం లేదు. కుడికంటి ముందు గంజి నీళ్లు పోసినట్టు తెల్లటి తెర. ఎడమకన్ను కాస్త నయం. కోత చేతి అలవాటు మీద నడిచిపోతోంది. రిబ్బన్ వెలుతురుకు మెరిస్తే చాలు, పట్టేస్తాడు. కానీ పెన్సిలుతో రాసిన చిన్న అంకెలు కలిసిపోతున్నాయి. మూడుకూ ఎనిమిదికీ తేడా తెలియదు. అందుకని దిమ్మెలను వరుసలో పెట్టుకుని, ఎన్నోది తీశాడో మనసులో లెక్కపెట్టుకుని పలక మీద ఆ నంబరు రాసేవాడు. ఇది సారమ్మకు కూడా పూర్తిగా తెలియదు. యాభై రెండేళ్లు వచ్చాయి. కళ్లు పోయిన టెక్నీషియన్‌ను ఎవరు ఉంచుకుంటారు? ఇంకో ఆరేళ్లు నెట్టుకొస్తే చాలనుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ముప్పయ్యొకటి కోసిన రోజును గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. ఎవరో వచ్చి కప్పల స్లైడ్లు అడిగారు. వరుసలో వేలు జారిందా? జారలేదని ప్రమాణం చేయగలడా? తాను దిగాల్సిన లింగరాజపురం స్టాపు దాటిపోయి, రెండు స్టాపుల అవతల దిగి నడిచి వచ్చాడు. సారమ్మ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. ఆమె నర్సు కాబట్టి మాత్ర ఇచ్చింది. భార్య కాబట్టి ఆయన మొహం చాలాసేపు చూసింది.

మర్నాడు ఉదయం ఇమ్మానుయేలు అందరికంటే ముందు వచ్చి కమలాక్షి కోసం వరండాలో కాచుకున్నాడు. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. గబ్బిలానికి చెవి కింద రెండు వైపులా ఒక్కో గ్రంథి ఉంటుంది. కుడివైపుది మాత్రమే తీసి కోశారు. ఎడమవైపుది జాడీలోని దేహంలో అలాగే ఉంది. ఆ దేహం ఏ జాతిదో చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. కుక్కపిల్ల మూతి, పెద్ద కళ్లు, రెక్కలో రెండో వేలికి కూడా గోరు ఉంటే అది పండ్లు తినేదే. దాని ఎడమ గ్రంథిని అందరి ఎదుట తీసి, అందరి ఎదుట కోస్తే, తప్పు చీటీదా కాదా అన్నది తేలిపోతుంది.

"తప్పు నాదే అయితే ఆ మాట కూడా అప్పుడే తెలుస్తాది కదమ్మా. తెలియనీ. ఇట్లా నలగడం నావల్ల కాదు" అన్నాడు.

కమలాక్షి ఆయన వంక చూసి, ఇప్పుడే శేషగిరి సార్‌తో మాట్లాడతానని లోపలికి పోయింది.

జాడీ మూత ఆమే తీసింది. దేహం మీద కట్టిన చీటీ ముప్పయ్యొకటి. మూతి చూసి శేషగిరి తలూపాడు. పండ్లు తినేదే, సందేహం లేదు. ఎడమ చెవి కింద చర్మం విప్పి గ్రంథిని బయటికి తీసింది కూడా కమలాక్షే. స్పిరిట్‌లో ఉన్న మాంసం కాబట్టి గట్టిపడి ఉంది, బాగా రాకపోవచ్చని ఇమ్మానుయేలు ముందే చెప్పాడు. దాన్ని అంతకంతకూ గాఢమైన ఆల్కహాలులో నానబెట్టి, నీరు తీసి, మైనం ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ పాత్ర తన ఒక్కడి చేతిలో ఉండకుండా, శేషగిరి గదిలోనే పెట్టించాడు. ఆ మాట అడిగింది ఇమ్మానుయేలే.

సోమవారం కోశాడు. మైక్రోటోమ్ చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. మొదటి రెండు రిబ్బన్లు చీలిపోయాయి. కత్తిని తీసి తోలుపట్టీ మీద మళ్లీ రుద్దాడు. మూడోది నిలిచింది. పలక మీదికి ఎక్కించి, నీలం రంగు, గులాబి రంగు పట్టించి, కమలాక్షి చేతికిచ్చాడు. నంబరు ఆమెనే రాయమన్నాడు.

ఆమె మైక్రోస్కోపులో కన్ను పెట్టి, పలకను ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపి చూసింది. తరువాత పక్కకు జరిగి శేషగిరికి చోటిచ్చింది. కాలువలు పొట్టిగానే ఉన్నాయి. చారలు లేనట్టే ఉన్నాయి. కుడివైపుది ఎలా ఉందో ఎడమవైపుదీ అలాగే ఉంది. చీటీ తప్పు కాదు. గబ్బిలమే వేరుగా ఉంది.

శేషగిరి అప్పటికప్పుడు ఇమ్మానుయేలు భుజం మీద చెయ్యి వేసి క్షమించమని అడిగాడు. అలా అడిగే ప్రొఫెసర్లు తక్కువ. ఆ తర్వాత మాత్రం, ఈ జంతువుకు ఏదో జబ్బు ఉండి ఉంటుంది, దీన్ని లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది అన్నాడు. కమలాక్షి ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా తీసేస్తే, రేపు ఎవరైనా అడిగితే నేను ఏం చెప్పాలి సార్ అంది. ఆయన గడియారం చూసుకుని క్లాసుకు వెళ్లిపోయాడు.

ముప్పయ్యొకటికీ మిగతావాటికీ ఉన్న తేడా ఏమిటా అని ఇద్దరూ రిజిస్టరు ముందు కూర్చున్నారు. తేడా ఒక్కటే కనిపించింది. మిగతావన్నీ తోట నుంచి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే కోతకు వచ్చాయి. ఇది మాత్రం రెక్క చినిగి నీరసంగా ఉందని పంజరంలో వదిలేశారు. ఫిబ్రవరి నుంచి మే ఆఖరు దాకా జంతువుల షెడ్డులోనే ఉంది. అక్కడ దానికి పెట్టింది అరటిపండు, జామపండు. కమలాక్షి అలాగే పెట్టమని రాసి ఇచ్చింది. రిజిస్టరులో కూడా అలాగే ఉంది.

ఇమ్మానుయేలు ఆమెకు ఏమీ చెప్పకుండా మధ్యాహ్నం షెడ్డు వైపు నడిచాడు.

షెడ్డు చూసుకునేది అంజినమ్మ. హూడి నుంచి రోజూ వస్తుంది. పదకొండేళ్లుగా దినకూలి మీదే ఉంది, పర్మనెంటు చేస్తారని ఎదురు చూస్తోంది. అప్పుడు కుందేళ్ల పంజరం కింది రేకు లాగి కడుగుతోంది. ముప్పయ్యొకటికి ఏం పెట్టావని అడిగితే, మేడమ్ రాసిచ్చిందే పెడితిని అని తల ఎత్తకుండానే చెప్పింది. ఇమ్మానుయేలు కదలలేదు. అక్కడే తిరగేసి ఉన్న బకెట్ మీద కూర్చున్నాడు. ఆమె రేకు కడిగింది, తుడిచింది, మళ్లీ పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పండు తినకపాయనప్పా," అంది చివరికి. "మూడు దినాలు ముట్టలే. తలకిందులు పట్టుకునేకి కూడా దానికి శక్తి లేదు, కిందపడి ఉండె. నేను ఊరకే చూస్తా ఉండేదెట్లా? ఇంకు పోసే ఫిల్లరుతో రాగి అంబలి పోస్తిని. నాకె నాకె తాగె."

"ఉప్పేసి పోసినావా?"

"ఉప్పు లేకుండా అంబలి ఎవరు తాగుతారప్పా? బిడ్డలకు వేసేంత వేస్తిని."

"ఎన్ని దినాలు?"

"శివరాత్రి పొద్దు నుంచి మీరు దాన్ని తీసుకుపోయేదాకా. పండు కూడా పెడతా ఉంటి. కొంచెం తినేది, మళ్లీ నా చెయ్యి చూసేది." ఆమె గొంతు అక్కడ కాస్త తగ్గింది. "నన్ను చూస్తే రెక్క తెరిచేది. మీరు దాన్ని తీసుకుపోయిన దినం నాకు చెప్పను కూడా లేదు."

ఇమ్మానుయేలు ఖాళీ పంజరం వైపు చూశాడు. ఆ రోజు మే నెలాఖరున దాన్ని తీసుకుపోయింది తానే. అంజినమ్మ భోజనానికి పోయిన సమయంలో గుడ్డసంచి తెచ్చి పంజరం తెరిచాడు. గబ్బిలం అతని వేలిని నాకింది. అది భయం అనుకున్నాడు.

ఎవరికీ చెప్పవద్దని ఆమె అడిగింది. రాసిచ్చింది కాకుండా వేరే తిండి పెట్టిందని తెలిస్తే దినకూలి కూడా పోతుంది. పర్మనెంటు మాట దేవుడెరుగు. ఇమ్మానుయేలు చెబుతానని గానీ చెప్పనని గానీ అనలేదు. ఆయన నోట్లోంచి వచ్చింది వేరే మాట. ఎందుకు వచ్చిందో తరువాత కూడా ఆయనకు తెలియలేదు.

"నాకు కంటికి పొర వచ్చిండాది అంజినమ్మా. నేను రాసిన అంకె నాకే కనపడదు. ఎనిమిది నెలలయింది. ఎవరికీ చెప్పలే."

ఆమె ఆయన ముందుకు వచ్చి, కళ్లలోకి వంగి చూసింది. కుడికంట్లో తెలుపు ఆమెకు కనపడింది. మరి ఇన్నాళ్లూ ఎట్లా కోస్తా ఉంటివి అని అడిగింది. చేత్తో అన్నాడు. ఆమె ఆయన చేతుల వంక చూసింది. కుందేళ్లకు గడ్డి వేసే వేళయిందని వెళ్లింది.

మంగళవారం ఉదయం ఇమ్మానుయేలు డిపార్టుమెంటుకు వచ్చేసరికి అంజినమ్మ శేషగిరి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. జంతువుల షెడ్డు దాటి ఆమె ఆ మేడ ఎక్కడం ఆయన ఎప్పుడూ చూడలేదు. లోపల కమలాక్షి కూడా ఉంది. అంజినమ్మను పోకుండా ఆపాలా, తోడు పోవాలా అని ఇమ్మానుయేలు తేల్చుకునే లోపల, ఆమె తలుపు నెట్టి లోపలికి పోయి, వచ్చిన తెలుగూ వచ్చిన కన్నడమూ కలిపి మొత్తం చెప్పేసింది. రాగి అంబలి, ఫిల్లరు, ఉప్పు, శివరాత్రి, అన్నీ. తప్పు నాదే, ఈ టెక్నీషియన్ సార్‌ది ఏమీ లేదు అంది.

శేషగిరి మొహం ఎర్రబడింది. రాసి ఇచ్చింది చదవడం రాకపోతే అడగాలని మొదలుపెట్టాడు. రెండు మాటలు అని ఆగిపోయాడు. కమలాక్షి ఆయన వైపే చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చినట్టుంది. ఉప్పు కరువు లేని పండ్ల గబ్బిలం. ఉప్పు దొరికాక, దాన్ని వెనక్కి లాక్కునే పని లేని కాలువలు. జాతి మారలేదు, జబ్బూ కాదు. మూడు నెలల తిండి.

ఎంత ఉప్పు వేసేదని శేషగిరి అడిగాడు. అంజినమ్మ బొటనవేలూ రెండు వేళ్లూ కలిపి చూపించింది. ఆయన ఆమెను తూకం గదికి తీసుకుపోయాడు. గాజు పెట్టెలో ఉన్న చిన్న త్రాసు పళ్లెంలో, రోజూ వేసినంత చిటికెడు వేయమన్నాడు. రాసుకుని, పళ్లెం తుడిచి, మళ్లీ వేయమన్నాడు. ఐదుసార్లు వేయించాడు. ఐదుసార్లూ దాదాపు ఒకే బరువు వచ్చింది. కమలాక్షికి నవ్వు ఆగలేదు. అంజినమ్మకు ఆ పిల్ల ఎందుకు నవ్వుతోందో తెలియలేదు గానీ, తనను పనిలోంచి తీసేయడం లేదని మాత్రం అర్థమైంది. గోడకు ఆనుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇమ్మానుయేలు అప్పటిదాకా తూకం గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తాను నిర్దోషినని తేలిపోయింది. ఎవరూ ఏమీ అడగడం లేదు. నోరు మూసుకుని బల్ల దగ్గరికి పోయి కూర్చుంటే సరిపోతుంది. కానీ ఆ మనిషి అంత చేసి గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, తాను పోయి కూర్చోలేకపోయాడు.

"సార్, నాది కూడా ఒకటి చెప్పేది ఉండాది" అన్నాడు.

విన్నాక శేషగిరి త్రాసు పళ్లెం తుడిచి గాజు పెట్టె మూశాడు. కోపగించుకోలేదు. అదే ఇమ్మానుయేలుకు కష్టమనిపించింది. అరవై జంతువుల చీటీలన్నీ దేహాలతో పోల్చి మళ్లీ చూడాలని మాత్రం చెప్పాడు. కమలాక్షికి ఆ పనికి రెండు వారాలు పట్టింది. జాడీలోంచి ఒక్కొక్కటే తీసి, ఆమె జాతి పేరు, మగో ఆడో, రెక్క కొలత గట్టిగా చదివేది. తన రిజిస్టరుతో సరిపోల్చుకునేది.

యాభై ఎనిమిది సరిపోయాయి. నలభై నాలుగు, నలభై ఏడు తారుమారయ్యాయి. రెండూ పురుగులు తినేవే, ఒకే జాతివి. ఒకటి మగది, ఒకటి ఆడది. ఫలితానికి ఏ హానీ లేదు. కమలాక్షి ఆ మాటే చెప్పింది. ఇమ్మానుయేలు ఆ రోజు అన్నం డబ్బా విప్పలేదు. కొక్కేనికి వేలాడుతున్న తన తెల్లకోటు వంక చూస్తూ కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఒకసారి కూడా జరగలేదని అందరితో చెప్పుకున్న మాట ఇకమీద చెప్పుకోలేడు. కమలాక్షి తన డబ్బాలోంచి చింతామణి నుంచి అమ్మ పంపిన వేరుశనగ ఉండ ఒకటి ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. చాలాసేపటికి ఆయన దాన్ని తిన్నాడు.

సారమ్మకు ఆ రోజే చెప్పాడు. ఆమె కోప్పడింది, ఏడ్చింది, రెండు రోజుల్లో తనకు తెలిసిన కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆగస్టులో కుడికంటికి ఆపరేషన్ అయింది. కంటికి కట్టు కట్టుకుని పది రోజులు కదలకుండా పడుకున్నాడు. సారమ్మ డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూర్చుని బైబిల్ చదివేది. ఆయన మధ్యలో ఆపి గబ్బిలాల సంగతి చెప్పేవాడు. నువ్వు వినాలనుకుంటే విను, లేదంటే నిద్రపో అని ఆమె కసిరేది. కట్టు విప్పాక దళసరి కళ్లద్దాలు వచ్చాయి. గోడలు వంగినట్టు, మెట్లు పైకి లేచినట్టు కనిపించేవి. నెల రోజులు బస్సు ఎక్కాలంటే భయపడ్డాడు. కానీ అంకెలు కనిపించాయి. మూడు మూడులాగా, ఎనిమిది ఎనిమిదిలాగా.

శేషగిరి ఆయన్ను ఎక్కడికీ పంపలేదు. కోత ఆయనది, చీటీలు రాయడం ఇంకొకరిది అని ఏర్పాటు చేశాడు. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక చీటీల పని తిరిగి ఇస్తానన్నాడు. ఇమ్మానుయేలే వద్దన్నాడు. ఇద్దరు చూస్తే మంచిది సార్ అన్నాడు.

సమావేశానికి పంపిన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకోవడం శేషగిరికి ఇష్టం లేని పని. అయినా తెప్పించుకున్నాడు. ఒక్క జంతువును చూసి ఏమీ చెప్పకూడదని, కావాలని చేసి చూడాలని తేల్చాడు. కమలాక్షి పరిశోధన ఏడాది వెనక్కి జరిగింది. ఇంట్లో కుదిర్చిన ఆమె పెళ్లి కూడా ఏడాది వెనక్కి జరిగింది. చింతామణిలో వాళ్ల నాన్న, గబ్బిలాలకు గంజి పోయడానికి పెళ్లి ఆపుకుంటారా అని అడిగితే, అంబలి నాన్నా, గంజి కాదు అని మాత్రం చెప్పి ఊరుకుంది.

ఎనభై జనవరిలో మునినారాయణప్ప తోట నుంచి పన్నెండు గబ్బిలాలు వచ్చాయి. ఆయన ఇప్పుడు వలలో చిక్కినవాటిని చంపకుండా సంచిలో వేసి కమలాక్షి కోసం నీడన పెట్టేవాడు. ఎందుకంటే ఆమె రాకముందే చస్తే ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నానని చెప్పాడట. ఆరింటికి ఉప్పు వేసిన అంబలి, ఆరింటికి ఉప్పు లేని అంబలి, అన్నిటికీ పండ్లు. తూకం వేసి ఇచ్చిన ఉప్పు పొట్లాలు ప్రతిరోజూ అంజినమ్మకు అందేవి. ఉప్పు లేని అంబలి పోయడం మాత్రం ఆమెకు ఎంతో కష్టమయింది. చప్పిడి తిండి పెట్టే పాపం నాకెందుకని రోజూ గొణిగేది. కానీ ఒక్కరోజు కూడా మోసం చేయలేదు.

ఏప్రిల్ చివర కోత. కోతకు తీసుకుపోయే ముందు ఇమ్మానుయేలు ఈసారి షెడ్డుకు వచ్చి ఆమెకు చెప్పాడు. ఆమె తలూపి, ఆ పూట బయటికి పోయి నీళ్ల కుళాయి దగ్గర కూర్చుంది.

ఉప్పు తిన్న ఆరింటిలో నాలుగింటి కాలువలు పొట్టివయ్యాయి. రెండు మారలేదు. ఉప్పు తినని ఆరూ ఎత్తుగానే ఉన్నాయి. శేషగిరి జాగ్రత్త మనిషి. చాలా చిన్న సంఖ్య, ఇంకా చూడాలి, ఇంకా పెద్ద సూక్ష్మదర్శినిలో పెట్టాలి అన్నాడు. కానీ ఆ సాయంత్రం డిపార్టుమెంటులో అందరికీ కాఫీ తెప్పించాడు.

మర్నాడు కమలాక్షి అంజినమ్మను మేడ మీదికి పిలిపించింది. రెండు పలకలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మైక్రోస్కోపులో చూడమంటే అంజినమ్మ మొదట రెండు కళ్లూ మూసుకుంది. తరువాత తెరిచింది గానీ, తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. ఇమ్మానుయేలు ఆమె వెనక నిలబడి, ఒక కన్ను మూయి, దగ్గరికి రా, ఇంకొంచెం, ఊపిరి బిగబట్టు అని చెప్పాడు. చాలాసేపటికి ఆమె ఒళ్లు కదలడం ఆగింది.

"గులాబి రంగుగా ఉండాది," అంది. "చుట్టూ గుండ్రంగా గదులు గదులు ఉండాయి. నడుమ సందు."

అదే కాలువ అని, ఆ గదులే కణాలని ఆయన చెప్పాడు. రెండో పలక మార్చి పెట్టాడు. ఆమె మళ్లీ వంగింది. ఈసారి చెప్పకుండానే ఒక కన్ను మూసింది.

"ఇవి కురచగా ఉండాయి. ఇది ఉప్పు తిన్నదా?"

"అదే."

ఆమె తల ఎత్తలేదు. పలకను తానే కొంచెం జరపవచ్చా అని అడిగింది. కమలాక్షి ఆమె వేళ్లను మరకు ఆనించి ఎలా తిప్పాలో చూపించింది. ఆమె నెమ్మదిగా తిప్పుతూ, ఒక కాలువ నుంచి ఇంకో కాలువకు పోతూ, పెదాలతో లెక్క పెడుతోంది. వరండాలో గంట కొట్టారు. పిల్లలు క్లాసుకు పోతూ తలుపు దగ్గర ఆగి లోపలికి చూశారు. కుందేళ్లకు గడ్డి వేసే వేళ దాటిపోయిందని ఇమ్మానుయేలు గుర్తు చేయబోయి, ఊరుకున్నాడు. తానే కిందికి దిగి, షెడ్డు తాళం తీసి, గడ్డి మోపు విప్పాడు.